మేడ మీదికి ఒక తీగ



ఈమధ్య మేడ కట్టుకున్నవాళ్లలో ఎవరింటికి వెళ్లినా ఒక మాట వినిపిస్తోంది. "కింద హాల్లో నెట్ బ్రహ్మాండంగా వస్తుందండీ, పైకెళితే మాత్రం తిరుగుతూనే ఉంటుంది" అంటారు. పై గదిలో పిల్లవాడు పాఠం వింటుంటే మాస్టారి మాట మధ్యలో తెగిపోతుంది. ఇంటినుంచి ఉద్యోగం చేసే కోడలు మీటింగ్ ఉన్న రోజు ల్యాప్‌టాప్ పట్టుకుని కిందికొచ్చి, టీవీ మోతలోనే పని చేసుకుంటుంది. డాలస్‌లో ఉన్న మనవరాలి ముఖం సరిగ్గా కనిపించాలంటే తాతగారు మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగాలి. కంపెనీకి ఫోన్ చేస్తే మనిషి వస్తాడు, హాల్లో నిలబడి స్పీడ్ చూపిస్తాడు, "లైను బాగానే ఉందండీ" అని వెళ్లిపోతాడు. అతను చెప్పింది నిజమే. వీధి స్తంభం నుంచి హాలు దాకా లైను బాగానే ఉంది. హాల్లోంచి పై గది దాకా ఉన్న దారే బాగాలేదు. ఆ దారి మన చేతిలో ఉన్నది. దాన్ని బాగుచేసుకోవడం ఎలాగో ఇవాళ చెప్పుకుందాం.

పల్లెల దాకా ఫైబర్ రావడం చిన్న విషయం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్ పథకాన్ని 2017 డిసెంబరులో నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగి, ఊళ్లోని కేబుల్ టీవీ ఆపరేటర్ల ద్వారానే ఇళ్లకు నెట్ ఇచ్చారు. ప్రైవేటు కంపెనీలూ పోటీపడి వచ్చాయి. అయితే ఫైబర్ తెచ్చిన కుర్రాడు దాని పెట్టెను ఎక్కడ బిగిస్తాడు? తలుపు పక్కనో, టీవీ వెనకో, తీగ ఎక్కడ తక్కువ పడితే అక్కడ. ఇంటికి ఒక మూల కూర్చున్న ఆ చిన్న పెట్టె నాలుగు గదులకూ, పై అంతస్తుకూ వైఫై పంచాలి. అది దాని శక్తికి మించిన పని.

ఎందుకంటే మన ఇళ్లు గట్టివి. బయట తొమ్మిది అంగుళాల ఇటుక గోడ, లోపల నాలుగున్నర అంగుళాల గోడ, నెత్తిన ఐదారు అంగుళాల కాంక్రీటు స్లాబు, ఆ స్లాబులో జానెడు ఎడం కూడా లేకుండా అల్లిన ఇనుప చువ్వల జాలీ. మన ఇళ్లలో వైఫై ఎక్కువగా రెండు రకాల తరంగాల మీద నడుస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం గోడల్ని కాస్త బాగా దాటుతుంది గానీ వేగం తక్కువ. 5 గిగాహెర్ట్జ్‌కి వేగం ఎక్కువ, గోడ దాటే ఓపిక తక్కువ. రెండు గోడలు దాటేసరికే నీరసిస్తుంది, స్లాబు దగ్గరకొచ్చేసరికి చాలావరకు ఆగిపోతుంది. అమెరికాలో మనవాళ్లుండే ఇళ్లు ఎక్కువగా కర్ర చట్రానికి జిప్సం పలకలు బిగించి కట్టినవి. అక్కడ ఒక పెట్టె తెచ్చి పెట్టుకుంటే రెండంతస్తులకూ అందవచ్చు. అదే రకం పెట్టెను కొడుకు సూట్‌కేసులో పెట్టుకొచ్చి భీమవరంలో బిగిస్తే అంత దూరం అందదు. అట్టపెట్టె మీద ఇన్ని వేల చదరపు అడుగులకు సరిపోతుందని అచ్చువేసిన అంకెను మన స్లాబు ఇళ్లకు లెక్కలోకి తీసుకోవద్దు.

ఇక అపార్టుమెంట్లలో ఇంకో చిక్కు. ఈ తరంగాలను లైసెన్సు లేకుండా ఎవరైనా వాడుకోవచ్చు. 2.4 గిగాహెర్ట్జ్‌ను 2005లో, 5 గిగాహెర్ట్జ్‌లో పెద్ద భాగాన్ని 2018లో మన ప్రభుత్వం అలా అందరికీ వదిలిపెట్టింది. మంచిపనే. కాకపోతే 2.4లో ఒకదానితో ఒకటి కలవని ఛానళ్లు మూడే ఉన్నాయి. ఇరవై ఫ్లాట్లవాళ్లు ఆ మూడింటి మీదే మాట్లాడుకోవాలి. ఒకరు మాట్లాడుతుంటే అదే ఛానల్ మీద ఉన్న మిగతావాళ్లు ఆగాలి.

ఈ బాధకు మందుగా బజార్లో దొరుకుతున్నది మెష్ వైఫై. ఒక పెట్టెకు బదులు రెండో మూడో పెట్టెలు. ఒకటి ఫైబర్ పెట్టె దగ్గర, ఒకటి పై హాల్లో, ఒకటి చివరి పడకగదిలో. అన్నింటికీ పేరు ఒకటే, పాస్‌వర్డ్ ఒకటే. ఫోన్ జేబులో పెట్టుకుని మెట్లెక్కితే దానంతట అదే దగ్గరి పెట్టెను పట్టుకుంటుంది. ఆలోచన చాలా మంచిది. మనవాళ్లు ఎంతో ఆశతో కొంటున్నారు. కొన్నవాళ్లలో చాలామంది నిరాశపడుతున్నారు కూడా. ఫోన్‌లో వైఫై గీతలు నిండుగా కనిపిస్తాయి, వీడియో మాత్రం ఆగి ఆగి నడుస్తుంది.

ఎందుకో చూద్దాం. పై గదిలో ఫోన్‌కీ, పై పెట్టెకీ మధ్య దూరం తగ్గింది. అందుకే గీతలు నిండుగా ఉన్నాయి. కానీ పై పెట్టెకు నెట్ ఎక్కడినుంచి వస్తోంది? కింది పెట్టె నుంచి, మళ్లీ గాలిలోంచే, మళ్లీ ఆ స్లాబులోంచే. పెట్టెకీ పెట్టెకీ మధ్య నడిచే ఈ దారిని ఈ పని చేసేవాళ్లు బ్యాక్‌హాల్ అంటారు. ఇల్లు కట్టేచోట ఇటుకలు అందించే కూలీలను చూసే ఉంటారు. మెట్ల మధ్య నిలబడ్డ మనిషి కిందివాడి చేతిలోంచి ఇటుక అందుకోవాలి, తిరగాలి, పైవాడికి ఇవ్వాలి. అందుకునేటప్పుడు ఇవ్వలేడు, ఇచ్చేటప్పుడు అందుకోలేడు. 2.4కు ఒకటి, 5కు ఒకటి రేడియో ఉన్న రెండు బ్యాండ్ల మెష్ పెట్టె పరిస్థితి అదే. ఎక్కువగా 5 గిగాహెర్ట్జ్ రేడియోతోనే కింది పెట్టె దగ్గర తీసుకోవాలి, దాంతోనే మీ ఫోన్‌కు ఇవ్వాలి. అందుకే ఒక అంచె దాటేసరికి వేగం దాదాపు సగానికి పడిపోతుంది, రెండో అంచెకు అందులో మళ్లీ సగం. దీనికోసమని మూడో రేడియో ఉన్న ఖరీదైన పెట్టెలు వచ్చాయి. అవి తీసుకునే పనిని, ఇచ్చే పనిని వేరుచేస్తాయి, నిజమే. ఆ మూడో రేడియో కూడా స్లాబును దాటాల్సిందేగా!

అందుకే నా సలహా ఇది. పెట్టెలు పెంచకండి, పెట్టెల మధ్య ఒక తీగ వేయండి. గోడల్ని, స్లాబుల్ని దాటే పని తీగకు అప్పగిస్తే, వైఫైకి మిగిలేది ఆ గదిలో పెట్టెకీ ఫోన్‌కీ మధ్యనున్న నాలుగైదు గజాలే. ఆ పని అది హాయిగా చేస్తుంది.

ఆ తీగ కొత్త వస్తువేమీ కాదు. ఈథర్‌నెట్ పద్ధతిని 1973లో కాలిఫోర్నియాలో, జిరాక్స్ వారి పరిశోధనశాలలో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ మొదలుపెట్టారు. మెలిపెట్టిన నాలుగు జతల రాగి తీగల మీద సెకనుకు ఒక గిగాబిట్, అంటే 1000 ఎంబీపీఎస్ పంపే ప్రమాణం 1999లో వచ్చింది. అదే ఏడాది 2.4 గిగాహెర్ట్జ్ మీద వచ్చిన వైఫై ప్రమాణం గరిష్ఠ వేగం 11 ఎంబీపీఎస్. ఆనాటి వైఫై పెట్టె ఇవాళ ఏ ఇంట్లోనూ పనికిరాదు. ఆనాడు సరిగ్గా వేసిన తీగ మాత్రం ఇవాళ కూడా పూర్తి గిగాబిట్ ఇస్తుంది, 100 మీటర్ల దాకా ఇస్తుంది. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఒకేసారి ఇస్తుంది, పక్కింటి వైఫైతో దానికి పేచీ లేదు. పెట్టెలు నాలుగైదేళ్లకోసారి మారుస్తాం. గోడలో వేసిన తీగ మన పిల్లల కాలం దాకా ఉంటుంది. అందుకే డబ్బు ముందు తీగ మీద పెట్టమంటాను.

ఏ తీగ కొనాలి? ఇళ్లకు క్యాట్ 5ఈ సరిపోతుంది. కొత్తగా వేస్తున్నప్పుడు క్యాట్ 6 వేయించుకోండి, మీటరుకు పెద్ద తేడా రాదు. అది 55 మీటర్ల లోపు 10 గిగాబిట్ల దాకా మోయగలదు. మామూలు ఇంట్లో అంతకు మించి తీగ పట్టదు. క్యాట్ 7, క్యాట్ 8 అని షాపువాడు చూపించినా ఇంటికి అవసరం లేదు. అంతకంటే ముఖ్యమైంది లోపలి లోహం. అల్యూమినియం తీగ మీద రాగి పూత పూసిన సరుకు బజార్లో బాగా తిరుగుతోంది. దాని మీద సీసీఏ అని రాసి ఉంటుంది, ఒక్కోసారి అదీ రాయరు. కట్ట ఎత్తి చూస్తే తేలిగ్గా ఉంటుంది. బ్లేడుతో ఒక పోగు గీరి చూడండి. అసలైన రాగి ఎంత గీరినా ఎర్రగానే ఉంటుంది. పూత సరుకైతే లోపల తెల్లగా మెరుస్తుంది. ఆ తీగ రెండుసార్లు వంచితే తెగుతుంది, దూరం పోయేకొద్దీ సిగ్నల్ తగ్గిపోతుంది, దాని మీద కరెంటు కూడా పంపితే వేడెక్కుతుంది. గోడలోకి వెళ్లాక మార్చడం అంటే గోడ పగలగొట్టడమే. అందుకని షాపులోనే గీరి చూడండి, మొహమాటపడకండి.

తీగ కొసన కనెక్టర్ బిగించే పని చూడ్డానికి చిన్నది, అసలు కష్టం అక్కడే ఉంటుంది. పైతొడుగు తీస్తే ఎనిమిది పోగులు, నాలుగు జతలు. వరుస ఇలా పెడతారు: తెల్ల నారింజ, నారింజ, తెల్ల ఆకుపచ్చ, నీలం, తెల్ల నీలం, ఆకుపచ్చ, తెల్ల గోధుమ, గోధుమ. ఆకుపచ్చ జతను విడదీసి మధ్యలో నీలం జతను పెట్టడం చూశారా, తప్పులన్నీ అక్కడే జరుగుతాయి. రెండు కొసలా వరుస ఒకటే ఉండాలి. మెలికలు అరంగుళం కంటే ఎక్కువ విప్పకూడదు. ఆ మెలికల వల్లే ఒక జత మీది సిగ్నల్ పక్క జతలోకి పాకకుండా ఉంటుంది. పోగులన్నీ సమానంగా కత్తిరించి, కనెక్టర్ చివరి దాకా తోసి, పైతొడుగు కూడా కనెక్టర్ లోపలికి వెళ్లిందో లేదో చూసి, అప్పుడు క్రింపింగ్ టూల్‌తో గట్టిగా నొక్కాలి. చిన్న టెస్టర్ పెడితే ఒకటి నుంచి ఎనిమిది దాకా లైట్లు వరసగా వెలగాలి.

ఇక్కడ మీరు గుర్తుంచుకోవాల్సిన అంకె ఒకటి చెబుతాను: 94. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. 100 ఎంబీపీఎస్‌కు నారింజ, ఆకుపచ్చ జతలు రెండే చాలు. నీలం, గోధుమ పోగుల్లో ఒక్కటి సరిగ్గా తగలకపోయినా చాలా పెట్టెలు మీకు ఏమీ చెప్పకుండా 100కు దిగిపోయి పనిచేస్తూనే ఉంటాయి. స్పీడ్ చూస్తే 94 దగ్గర ఆగుతుంది. మీరు 300 ప్లాన్‌కు డబ్బు కడుతుంటే, పైన ఎప్పుడు చూసినా తొంభై నాలుగే వస్తుంటే, కంపెనీకి ఫోన్ చేయకండి. కనెక్టర్ కోసి మళ్లీ బిగించండి. అప్పటికీ మారకపోతే మెష్ పెట్టె పోర్టు చూడండి. చవక పెట్టెలు కొన్నింటికి 100 పోర్టే ఇస్తారు. కొనేటప్పుడే గిగాబిట్ పోర్టు ఉందా అని అడగాలి.

ఇక తీగ ఎటునుంచి పోవాలి? ఇల్లు కట్టుకుంటున్నవాళ్లతో ముందు మాట్లాడతాను, వాళ్లకిది అతి తేలిక. స్లాబుకు ఇనుము కట్టేరోజు ఎలక్ట్రీషియన్ కరెంటు పైపులు పరుస్తాడు కదా, ఆ రోజే హాల్లో టీవీ ఉండే చోటు నుంచి పై హాలుకు, ముఖ్యమైన పడకగదులకు ఒక్కో 25 మిల్లీమీటర్ల పీవీసీ పైపు విడిగా వేయించండి. మలుపు దగ్గర ఎల్బో పెట్టకుండా పొడవాటి బెండు పెట్టమనండి. ఒక పైపులో రెండు మలుపుల కంటే ఎక్కువ వద్దు, మూడో మలుపు దగ్గర తీగ కదలదు. లోపల ఒక నైలాన్ తాడు వదిలి, రెండు మూతులూ గట్టిగా మూయించండి. మూయకపోతే కాంక్రీటు పోసేటప్పుడు సిమెంటు పాలు లోపలికి దిగి గడ్డకడతాయి, పైపు ఉన్నా లేనట్టే. స్లాబు వేసేరోజు దగ్గర నిలబడి చూసుకోండి. ఇంటి మొత్తం ఖర్చులో ఈ పైపుల ఖర్చు లెక్కలోకి రాదు. ఆ రోజు మరచిపోతే తరువాత గాడి కొట్టించడం, ప్లాస్టరింగు, రంగులు, ఇంటినిండా దుమ్ము.

కరెంటు పైపులోనే నెట్ తీగ కూడా తోసేద్దాం అని ఎలక్ట్రీషియన్ అంటాడు. ఒప్పుకోవద్దు. పక్కపక్కనే నడిస్తే సిగ్నల్ చెడుతుందన్నది ఒక సంగతి. ప్రాణభయం అంతకంటే పెద్ద సంగతి. 230 వోల్టుల తీగ తొడుగు ఎక్కడన్నా చిట్లి దీనికి తగిలితే, పిల్లలు చేత్తో పట్టుకునే పెట్టెలోకి కరెంటు వస్తుంది. రెండు పైపులూ ఎక్కడో ఒకచోట అడ్డం దాటుకోవాల్సి వస్తే లంబకోణంలో దాటితే ఇబ్బంది లేదు.

కట్టేసిన ఇంట్లో ఉన్నవాళ్లు నిరుత్సాహపడక్కర్లేదు. ముందు పాత పైపులు వెతకండి. ఒకప్పుడు ల్యాండ్‌లైను ఫోన్‌కో, డిష్ టీవీకో వేసిన పైపు చాలా ఇళ్లలో ఉంటుంది, ఇవాళ అందులో పనికిరాని తీగ ఉంటుంది. ఆ పాత తీగ కొసకు కొత్త తీగను టేపుతో బిగించి, అటునుంచి ఒకరు మెల్లగా లాగుతుంటే ఇటునుంచి ఒకరు తోయాలి. పాత తీగే తాడుగా పనిచేస్తుంది. అది లేకపోతే మెట్ల పక్కగా కేసింగ్ పట్టీ వేసుకోవచ్చు, గోడరంగు కొడితే కంటికి ఆనదు. బయటి గోడ మీదుగా వెళ్లాల్సి వస్తే ఎండకు తట్టుకునే నల్లతొడుగు తీగే వాడాలి. మామూలు తీగ తొడుగు మన ఎండలకు రెండు మూడు వేసవుల్లో పెళుసైపోతుంది. కిటికీ పక్క రంధ్రంలోకి వెళ్లే ముందు తీగను కొంచెం కిందికి వంచి మళ్లీ పైకి తీసుకెళ్లండి, వాన చుక్క ఆ వంపులోంచి కిందికి జారిపోతుంది, ఇంట్లోకి రాదు. ఎలుకలు తిరిగే ఇళ్లలో తీగను బయటికి వదలకుండా పైపులోనే నడపండి.

కరెంటు వైరింగు మీదుగానే నెట్ పంపే అడాప్టర్లు కూడా దొరుకుతాయి. మన ఇళ్లు కొన్నింటిలో గదులు వేరువేరు ఫేజుల మీద ఉంటాయి, మధ్యలో ఇన్వర్టర్ ఉంటుంది. వాటిని నమ్ముకోవద్దంటాను. అమెరికాలో ఉన్నవాళ్లకు మాత్రం ఇంకో మేలైన దారి ఉంది. అక్కడి చాలా ఇళ్లలో గదిగదికీ టీవీ కోసం వేసిన కోయాక్స్ తీగ ఉంటుంది, దాని మీద నడిచే మోకా అడాప్టర్లు తీగ బ్యాక్‌హాల్‌కు దాదాపు సమానంగా పనిచేస్తాయి.

తీగ వేశాక కలపడంలో ఒక పొరపాటు చాలా ఇళ్లలో కనిపిస్తుంది. ఫైబర్ పెట్టెలోంచి ఒక తీగ ప్రధాన మెష్ పెట్టెకు, ఇంకో తీగ నేరుగా పై పెట్టెకు ఇస్తారు. మెష్ రౌటర్‌గా నడుస్తున్నప్పుడు అలా చేస్తే పై పెట్టె ప్రధాన పెట్టె కుటుంబంలోకి రాదు. ఫైబర్ పెట్టె నుంచి ప్రధాన మెష్ పెట్టెకు ఒకటే తీగ రావాలి. ఆ ప్రధాన పెట్టె నుంచే మిగతావాటికి పోవాలి. పోర్టులు చాలకపోతే దాని తరువాత నెట్ తీగలను పంచే ఒక చిన్న గిగాబిట్ స్విచ్ పెట్టండి. ఒక పెట్టె నుంచి ఇంకొకదానికి, దాన్నుంచి మూడోదానికి వరసగా ఇచ్చినా తీగ మీద వేగం తగ్గదు. కానీ రెండు పెట్టెల మధ్య రెండు తీగలు కలిపి చుట్టు తిప్పకండి. అదే సమాచారం ఆ చుట్టులో తిరిగి తిరిగి ఇంటి నెట్ మొత్తం ఆగిపోవచ్చు. ఫైబర్ పెట్టెకూ సొంత వైఫై ఉంటుంది, మెష్ నడుస్తున్నాక దాన్ని ఆపేయండి, లేకపోతే ఫోన్ పాత పేరును పట్టుకుని వేలాడుతుంది. ఫైబర్ పెట్టె, మెష్ పెట్టె రెండూ రౌటర్లుగా ఉంటే కొన్ని పనులకు ఆటంకం వస్తుంది. ఒకదాన్ని తగ్గించాలి. ఆపరేటర్‌ను అడిగి ఫైబర్ పెట్టె రౌటర్ పని మానేలా బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టించుకోండి, లేదా మెష్ ఆ పని మానేలా యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టుకోండి. చాలా రకాల మెష్ పెట్టెల్ని మొదట పక్కపక్కన పెట్టి, వైఫై మీద ఒకదానికొకటి పరిచయం చేసి, ఆ తరువాతే తీగ తగిలించాలి. అప్పుడవి తీగను చూసి వాటంతట అవే అటు మళ్లుతాయి.

మెష్ కొనే స్తోమత లేనివాళ్లు తీగ వేసుకోవడం మానొద్దు. ఇంట్లో మూలపడ్డ పాత రౌటర్ ఉంటుంది. దాని ఐపీ అడ్రసు మార్చి, అందులో అడ్రసులు పంచే డీహెచ్‌సీపీని ఆపేసి, కింది నుంచి వచ్చిన తీగను దాని ల్యాన్ పోర్టులో పెట్టి, వైఫైకి కింది పేరు, కింది పాస్‌వర్డే ఇవ్వండి. మెట్లెక్కేటప్పుడు ఒక క్షణం తడబడుతుందేమో గానీ, పై గదిలో కూర్చున్న పిల్లవాడికి పాఠం తెగదు. తీగ లేని ఖరీదైన మెష్ కన్నా తీగ ఉన్న ఈ పాత రౌటర్ చాలా ఇళ్లలో మెరుగ్గా పనిచేస్తుంది.

కరెంటు సంగతి కూడా చూసుకోవాలి. కరెంటు పోయినప్పుడు కింది పెట్టె ఇన్వర్టర్ మీద నడుస్తూ, పై పెట్టె ఆరిపోతే ప్రయోజనం లేదు. తీగ వేసుకున్నవాళ్లకు దీనికో మంచి ఉపాయం ఉంది. పీఓఈ అనే పద్ధతిలో అదే నెట్ తీగ మీద పై పెట్టెకు కరెంటు కూడా పంపవచ్చు. ఆ పద్ధతికి పనికొచ్చే స్విచ్చి, పనికొచ్చే పెట్టె ఉండాలి. తొలి ప్రమాణం ప్రకారం ఒక్కో తీగ మీద 15.4 వాట్ల దాకా ఇస్తారు, సీలింగుకు బిగించే పెట్టెలు చాలావాటికి అది చాలు. కింద స్విచ్చికీ, ఫైబర్ పెట్టెకూ, ప్రధాన పెట్టెకూ ఒక్క యూపీఎస్ పెడితే ఇల్లంతా నెట్ నిలబడుతుంది.

పెరట్లో విడిగా కట్టిన గదికి, పక్కనున్న తమ్ముడి ఇంటికి, పశువుల కొట్టంలో కెమెరాకు నెట్ ఇవ్వాలనుకునేవాళ్లు కూడా ఉంటారు. అక్కడ మాత్రం రాగి తీగ వద్దు. రెండు కట్టడాల మధ్య రాగి తీగ ఉంటే, దగ్గర్లో పిడుగు పడ్డప్పుడు ఆ దెబ్బ తీగ వెంట రెండిళ్లలోకీ రావచ్చు, పెట్టెలన్నీ ఒక్కసారే పోవచ్చు. అంత దూరానికి ఫైబరే లాగి, రెండు కొసలా ఫైబర్‌ను నెట్ తీగకు కలిపే మీడియా కన్వర్టర్లు పెట్టించండి. ఫైబర్ గాజు, దానిలో కరెంటు పారదు. అయితే మీ కేబుల్ ఆపరేటర్ వాడే ఫైబర్ తీగలో బలం కోసం చాలాసార్లు ఇనుప తీగ ఉంటుంది. ఇనుము లేని రకం కావాలని అతన్ని ముందే అడగండి. నేలలో పూడ్చేటట్టయితే గట్టి హెచ్‌డీపీఈ గొట్టంలో వేసి పూడ్చండి, రేపు తోటకు మడులు చేసే మనిషికి అది ఎటునుంచి పోతోందో ఇవాళే చూపించి ఉంచండి.